సంతకానికి కావాలె, సమాచారానికి అక్కర్లేదా?

2022 ఆగస్టు 25న, ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానలో 34 మంది ఆడవాళ్లకు కు.ని. ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. మిగిలినవాళ్లను తర్వాత నిమ్స్‌లో, అపోలోలో చేర్చారు. ఇన్‌ఫెక్షన్ గురించి, పరిహారం గురించి చాలా చర్చ జరిగింది. మేం అడిగేది ఇంకొకటి.

ఈ ఆపరేషన్ అయ్యాక అదే రోజు ఇంటికి పంపుతారు. ఆ రాత్రి నుంచి నర్సు ఎవరు? తల్లి, అత్త, కూలికి పోవాల్సిన మొగుడు. దవాఖాన లెక్కల్లో మాత్రం వాళ్లు ‘అటెండెంట్లు’: స్ట్రెచర్ తోయాలె, మందులు తేవాలె, చూపిన చోట వేలిముద్ర వెయ్యాలె. ఇబ్రహీంపట్నంలో కనిపించిన లక్షణాలు కడుపునొప్పి, వాంతులు. ఏ అత్తయినా అజీర్తే అనుకుంటుంది. అది ప్రమాదమని తెలిసింది డాక్టరుకే, చెప్పాల్సిందీ ఆయనే.

2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు, ఆపరేషన్ పర్యవసానాలను ఆమెకు తెలిసిన భాషలో వివరించాలంది. మూడేళ్లలో క్యాంపులు ఆగాలంది. మా వాడల్లో మేం చూసిన డిశ్చార్జి చీటీలు ఇప్పటికీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ‘వీళ్లకు చెప్పినా అర్థం కాదు’ అనేది వైద్యం మాట కాదు, కులం మాట.

‘జ్వరమొచ్చినా, పొట్ట ఉబ్బినా, వాంతులు ఆగకపోయినా అర్ధరాత్రయినా తోలుకరండి’ అని తెలుగులో రాసి, చదివి వినిపించి, కింద ఒక ఫోన్ నంబరు వెయ్యమంటున్నాం.