బన్యుమాస్ బెల్లము

మధ్య జావాలోని బన్యుమాస్ ప్రాంతమున, మ్రానుపై కొట్టిన గంట్లే మెట్లుగా, నడుమున వాడికత్తియు వెదురుగొట్టములును కట్టుకొని, ఎండయైనను వానయైనను ఉదయసాయంకాలములు రెండుపూటలను కొబ్బరిచెట్లెక్కు గీతకాని తలచినప్పుడెల్ల నాకు గౌరవము ఉప్పొంగును. విచ్చని పూపొత్తిని బిగించి కట్టి, దాని కొనను ప్రతిపూటయు పలుచని పొరగా చెక్కవలెను. కోత లోతైనచో పొత్తి త్వరగా తరిగిపోవును, చెక్కుట మానినచో అందుండి కారు తీపిరసపు ధార ఆగిపోవును. నీరా యనెడి ఆ రసము పులియకుండుటకై గొట్టములో ముందే కాస్త సున్నము వేయుదురు.

ఆపై పని ఇల్లాలిది. వెడల్పాటి బాణలిలో నీరాను గంటల తరబడి కాచుచు, పొంగు నణచుచు, చల్లనీటిలో వేసిన చుక్క గట్టిపడుటనుబట్టి పాకము ముదిరిన క్షణమును కనిపెట్టి, కొబ్బరిచిప్పలలో పోయును. ఆ గోధుమవన్నె బెల్లపు అచ్చులే జావావారి పిండివంటలకును, తియ్యని సోయా రసమునకును ప్రాణము.

ఇంతటి నేర్పునకు దక్కు ఫలము స్వల్పము: ముందుగా అప్పిచ్చిన వ్యాపారి చెప్పిన ధరకే పలువురు సరకు అప్పగింతురు; చెట్టుపైనుండి జారిపడి అవిటివారైనవారు అక్కడి పల్లెలలో అరుదు కారు. తాటిచెట్టెక్కు మన గీతకార్మికుల బ్రతుకెరిగిన తెలుగువారికి ఈ కష్టమును వేరుగా వివరింపనక్కరలేదు. ఆ బెల్లమునకు ధర నిర్ణయించువారు, ఎక్కినవానికి భద్రమైన నడికట్టునకును, పడినప్పుడు వైద్యమునకును సరిపడు భాగమును అందులో చేర్చవలెనని నా మనవి.