చెన్నపట్నంలో చలి

మద్రాసులో చలెక్కడిదండీ అని నవ్వేవాళ్లు చాలామంది. స్వెట్టరు అక్కర్లేని ఊళ్లో చలికాలం బొమ్మలతో ఒక పుస్తకం వేస్తున్నానని మా అమ్మాయి (శిష్యురాలిని అలాగే పిలుస్తాను) ఫోన్లో చెప్పినప్పుడు నేనూ నవ్వాను. బొమ్మలు చూశాక నోరు మూసుకున్నాను.

చలికాలం అనగానే తెల్లరంగు ట్యూబు వెతుక్కోవడం మా తరానికి పట్టిన జబ్బు. బ్రూగెల్ 1565లో వేసిన మంచులో వేటగాళ్ల బొమ్మని అచ్చులో చూసి, మంచు మొహం ఎరగని నేనూ మంచుకొండలు వేశాను. అదీ ఎక్కడ? 1850లో అలెగ్జాండర్ హంటర్ పెట్టిన మద్రాసు చిత్రకళా పాఠశాలలో కూర్చుని! గేటు బయటి మార్గళి మాసం కంటికి ఆనలేదు. నీటిరంగుల్లో అంత చక్కని దృశ్యాలు వేసిన చిత్రకారులు పణిక్కర్ గారు 1966లో చోళమండలం కళాకారుల గ్రామం నెలకొల్పే నాటికే దారి మార్చారు. ఆయన్ని చూసి మేమూ ప్రకృతి దృశ్యాన్ని అటకెక్కించాం.

ఈ ఊరి చలికాలం నీడల్లో ఉంటుంది. ఏప్రిల్ నెలాఖరున మిట్టమధ్యాహ్నం నీడ కాళ్ల కిందే ముడుచుకుంటుంది. డిసెంబరులో పొద్దు దక్షిణానికి ఒరుగుతుంది కనుక అదే వేళకి మనిషి నీడ అతని ఎత్తులో ముప్పాతిక వంతు ఉత్తరంగా సాగుతుంది. మైలాపూరు కోనేటి మెట్ల మీద అమ్మాయి వేసిన నీడలు చూడండి. నలుపు చుక్కయినా లేదు. నీలంలో కాస్త కావి కలిపిన బూడిదరంగు, అంతే.

అన్నిట్లోకీ నాకు నచ్చింది భోగినాటి వీధి. నేలనంటిన గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉన్న పొద్దున పాత చాపల పొగ పైకి లేవదు, నడుమెత్తునే పరుచుకుంటుంది. కాగితం తడి మీద ఉండగానే రంగు వదిలి, ఆరేలోగా గుడ్డతో అద్ది తీసింది. సముద్రపు తేమకి కాగితం ఆరదని మేం రోజూ తిట్టుకునేవాళ్లం. ఈ పిల్ల ఆ తేమ చేతే పని చేయించుకుంది. పొగలో ఆటో వెనక దీపం ఒక్కటే ఎర్రగా కనిపిస్తుంది. ఆ చుక్క లేకపోతే చలి తెలిసేది కాదు.

పులికాట్ ఫ్లెమింగోలకి మాత్రం గులాబీ ఎక్కువైంది. మబ్బు పొద్దున అవి దూరానికి దాదాపు తెల్లగానే కనిపిస్తాయి. ఈ మాట అమ్మాయికి ముందే చెప్పాను. వినలేదు, మంచిదే.

ఈ పుస్తకాన్ని ట్యూబులైటు కింద చూడకండి. పొద్దున ఏడింటికి కిటికీ పక్కన కూర్చుని తిప్పండి.