ఎథెన్సు సభలో లేనివాళ్లు

ప్రజాస్వామ్యానికి పుట్టినిల్లు ఎథెన్సు అని హైస్కూలు నుంచి ఎం.ఏ. దాకా చదువుకుంటాం. పెరిక్లీస్ బొమ్మ, కొండమీద సభ, చేతులెత్తే పౌరులు. ఇదీ మనకి చూపించే దృశ్యం. ఆ సభలో బానిసలకీ ఆడవాళ్లకీ చోటు లేదన్న మాట చివర్లో, 'లోపాలు' అనే శీర్షిక కింద, వొక వాక్యంగా వస్తుంది. ఆ శీర్షికతోనే మాకు పేచీ. వూరి చరిత్ర రాసి, ఆఖర్న వాడ గురించి వొక ముక్క కలిపే పండితుల పద్ధతే ఇది. వాడ వూరికి లోపమా? వాడ చాకిరీ లేకుండా వూరు వొక్క పూటయినా గడిచిందా?

ఇంకో రకం వాళ్లున్నారు. అది బానిస యజమానుల ప్రజాస్వామ్యమని వొక్క మాటతో కొట్టిపారేస్తారు. ఆ మాటలో నిజముంది గానీ, దాంతో ఆగిపోతే మనకి పనికొచ్చేది కూడా పోతుంది. చెప్పులు కుట్టేవాళ్లు, కుండలు చేసేవాళ్లు, ఓడల్లో తెడ్లు వేసేవాళ్లు జమీందార్ల పక్కన కూర్చుని యుద్ధమా శాంతా అని తేల్చిన చోటది. అది జరిగింది. ఎలా జరిగిందో, ఎవరి మీద నిలబడి జరిగిందో రెండూ కలిపి చూడాలి.

మొదలు అప్పు దగ్గరుంది. క్రీ.పూ. 594 నాటికి ఎథెన్సు పేదరైతులు అప్పుల్లో మునిగిపోయారు. తీర్చలేనివాణ్ని బానిసగా పట్టుకుపోయేవాళ్లు, పరదేశాలకి అమ్మేవాళ్లు. తరాల తరబడి వెట్టి చేసిన మనకి ఇది వివరించి చెప్పనక్కర్లేదు. సోలన్ ఆ అప్పులు రద్దు చేశాడు, మనిషిని తాకట్టు పెట్టుకుని అప్పివ్వడాన్ని నిషేధించాడు. పొలాల్లో పాతిన తాకట్టు రాళ్లు పీకేయించానని తన పద్యాల్లో చెప్పుకున్నాడు. గొప్ప సంగతే. కానీ భూస్వామికి చాకిరీ చేసే మనిషి కావాలి కదా! సొంత వూరివాణ్ని పట్టుకోవడం కుదరనప్పుడు బయటి నుంచి కొనుక్కొచ్చారు. గ్రీసులో స్వేచ్ఛా బానిసత్వమూ చెట్టపట్టాలేసుకుని పెరిగాయని చరిత్రకారుడు ఫిన్లీ అన్నది అందుకే. బానిసల వారసుల పక్షం నుంచి రాసిన ఓర్లాండో పాటర్సన్ 1991లో ఇంకో అడుగు ముందుకేశాడు: స్వేచ్ఛ అనే విలువే బానిసత్వపు అనుభవంలోంచి పుట్టిందన్నాడు.

తర్వాత క్రీ.పూ. 508-507లో క్లీస్తనీస్ వచ్చాడు. వంశాల మీద ఆధారపడ్డ పాత నాలుగు తెగల్ని పక్కన పెట్టి, తీరం, పట్నం, లోపలి వూళ్లు కలగలిపి పది తెగలు చేశాడు. ఎవరి కొడుకువని కాకుండా ఏ వూరివాడివని మనిషిని గుర్తించాలన్నాడు. ఇంటిపేరు చెప్పగానే కులం లెక్కేసే దేశంలో వున్నాం కాబట్టి ఇది ఎంత పెద్ద పనో మనకి తెలుసు. అయితే ఆ వూరి సభ్యత్వం మళ్లీ తండ్రి నుంచి కొడుక్కే పోయేది. ఎక్కడికి మారినా తాత వూరి పేరే వెంటొచ్చేది. ఇక క్రీ.పూ. 451లో పెరిక్లీస్ తెచ్చిన చట్టంతో తల్లీ తండ్రీ ఇద్దరూ ఎథెన్సు వాళ్లయితేనే పౌరుడు. గుమ్మంలోంచి గెంటేసిన పుట్టుక దొడ్డిదారిన లోపలికొచ్చింది.

పనితీరులో మాత్రం నేర్చుకోవాల్సింది చాలా వుంది. క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో సభ ఏడాదికి నలభైసార్లు కూడేది. కొన్ని నిర్ణయాలకి ఆరువేల మంది వుండాల్సిందే. సభకి ఎజెండా తయారుచేసే ఐదొందల మంది మండలిని చీట్లు తీసి ఎంచేవాళ్లు. పదవి వొక ఏడాదే. జీవితంలో రెండుసార్లకి మించి కుదరదు. న్యాయస్థానాల్లో కూర్చునేందుకు ఏటా ఆరువేల మందిని చీటీల్లోనే తీసేవాళ్లు. పదవి దిగేటప్పుడు లెక్క అప్పజెప్పాలి. చీటీ ప్రజాస్వామ్య పద్ధతి, ఎన్నిక కొద్దిమంది పాలన పద్ధతి అని అరిస్టాటిల్ రాశాడు. డబ్బూ పేరూ వున్నవాడే ఎన్నికలో గెలుస్తాడని వాళ్లకి అప్పుడే తెలుసు. కూలి మానుకుని వచ్చే పేదవాడికి కోర్టు రోజుకి రెండు, తర్వాత మూడు ఒబొల్‌ల భత్యం ఇచ్చారు. హక్కు కాగితం మీద వుంటే చాలదు, దాన్ని వాడుకునే తీరిక పేదవాడికి కొనివ్వాలి అన్న ఇంగితం ఇందులో వుంది.

ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. నికియాస్ అనే సేనాని వెయ్యిమంది బానిసల్ని లారియన్ వెండిగనులకి అద్దెకిచ్చాడని జెనొఫొన్ రాశాడు. తలకి రోజుకో ఒబొల్. వెయ్యి తగ్గకుండా చూసే పూచీ అద్దెకి తీసుకున్నవాడిది. అంటే చచ్చినవాడి చోట ఇంకొకణ్ని నింపాలి. ఒక్క యజమానికి రోజూ వచ్చే ఆ వెయ్యి ఒబొల్‌లు మూడొందల ముప్పైమంది న్యాయసభ్యుల రోజు భత్యంతో సమానం. కోర్టులో పేదపౌరుడు తలెత్తుకుని కూర్చున్నాడు. అదే కోర్టులో బానిస సాక్ష్యం చిత్రహింస పెట్టి రాబడితేనే చెల్లేది.

ఆ బానిసలు ఏమనుకున్నారు? వాళ్లు రాసిన పుస్తకం లేదు. మనదాకా వచ్చింది చాలావరకు ప్లేటో, అరిస్టాటిల్, జెనొఫొన్ లాంటి వాళ్ల రాతలే. వాళ్లకి బానిసలే కాదు, సభలో కూర్చున్న పేదపౌరులూ గిట్టరు. అరిస్టాటిల్ దృష్టిలో బానిస ప్రాణమున్న పనిముట్టు. ప్లేటో వర్గ విభజననీ చాతుర్వర్ణ్యాన్నీ పక్కపక్కన పెట్టి అంబేడ్కర్ 1936లోనే 'కులనిర్మూలన'లో ఎండగట్టారు. అయినా థుసిడైడీస్ చరిత్రలో వొక్క మాట దొరుకుతుంది. క్రీ.పూ. 413లో స్పార్టా సైన్యం డెకీలియాలో దిగాక ఇరవైవేల మందికి పైగా బానిసలు ఎథెన్సుని వదిలి పారిపోయారు. వాళ్లలో ఎక్కువమంది చేతిపనివాళ్లు. చేతులెత్తే హక్కు లేనివాళ్లు కాళ్లతో వోటేశారు. పాఠ్యపుస్తకాల్లో పెరిక్లీస్ ఉపన్యాసానికి ఇచ్చే చోటులో సగం దీనికిచ్చినా మన పిల్లలకి ఎథెన్సు వేరేగా అర్థమయ్యేది.

పారిపోనివాళ్లూ వున్నారు. క్రీ.పూ. 404లో ముప్పైమంది దొరలు ప్రజాపాలనని కూలదోస్తే, దాన్ని నిలబెట్టడానికి పిరియస్ రేవు నుంచి పోరాడిన వాళ్లలో బానిసలున్నారు. మరుసటేడు గెలిచాక, తమతో వచ్చిన వాళ్లందరికీ పౌరసత్వం ఇద్దామని నాయకుడు త్రాసిబులస్ ప్రతిపాదించాడు. చట్టవిరుద్ధమని కోర్టుకి లాగి ఆర్కినస్ దాన్ని ఆపేశాడు. ఆర్కినస్ కూడా దొరలకి ఎదురు నిలిచినవాడే. ఉద్యమంలో ముందు నడిపించి పదవుల దగ్గర వెనక్కి నెట్టడం మనం చూడంది కాదు. తర్వాత వాళ్లలో కొందరికి గౌరవాలు దక్కాయి, ఆ మాటా చెప్పాలి.

బానిసత్వమూ అంటరానితనమూ వొకటే అనడం లేదు మేం. బానిసకి విడుదల వుంది, అంటరానివాడికి అదీ లేదని అంబేడ్కర్ తేడా చూపించారు. ఎథెన్సులో పాసియన్ అనే బానిస విడుదలై, బ్యాంకు నడిపి, చివరికి పౌరుడయ్యాడు. అలాంటివాళ్లు అరుదు. అయినా దారంటూ వుంది. కులంలో డబ్బొచ్చినా మచ్చ పోదు.

ప్రజాస్వామ్యం గ్రీసు నుంచి మనకొచ్చిన భిక్ష కాదని కూడా అంబేడ్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగసభలో గుర్తుచేశారు. బౌద్ధ భిక్షుసంఘాల్లో తీర్మానాలూ వోటింగూ వున్నాయన్నారు. కానీ మనకిష్టమైనదని సంఘాన్ని పరీక్ష నుంచి మినహాయించకూడదు. అప్పున్నవాణ్నీ దాసుణ్నీ చేర్చుకోకూడదన్న నియమం వినయపిటకంలోనే వుంది. ఎథెన్సుని అడిగిన ప్రశ్న సంఘాన్నీ అడగాలి. మన సంఘాల్నీ అడగాలి: మీటింగులో అక్కచెల్లెళ్లెంతమంది? మనకంటే కింద వున్నారనుకునే కులాల వాళ్లెంతమంది? చీటీ తీస్తే మైకు వాళ్లకి వస్తుందా?

పాఠం చెప్పే మిత్రులకి వొక మనవి. ఈసారి ఎథెన్సు పాఠం కొండమీద సభతో కాకుండా, డెకీలియా వైపు రాత్రిపూట నడిచిన ఆ ఇరవైవేల మందితో మొదలుపెట్టండి. సభ దగ్గరికి తర్వాత వద్దాం.