చిత్రకోట్ వేరు, చిత్రకూటం వేరు

బస్తర్ ప్రకృతి వింతలపై విద్యార్థుల కోసం రాసిన ఒక ఆంగ్ల వ్యాసాన్ని ఇటీవల తెలుగు చేయవలసి వచ్చింది. శైలి బాగుంది, చదివిస్తుంది. కాని ఒక వాక్యం దగ్గర కలం ఆగిపోయింది. చిత్రకోట్ జలపాతపు రాళ్లలో 160 కోట్ల సంవత్సరాల నాటి పగడపు శైవలం దొరికిందని దాని సారాంశం. చిన్న వాక్యమే, తప్పులు మాత్రం మూడు.

మొదటిది, చోటు. ఇంద్రావతి దూకే చిత్రకోట్ జగదల్‌పూర్ సమీపంలో ఉంది. అక్కడ నీరు పడేది ఇసుకరాతి అంచు మీది నుంచి. శిలాజాలు దొరికిన చిత్రకూటం ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ సరిహద్దులో, 600 కిలోమీటర్లకు పైగా దూరాన ఉంది.

రెండవది, జీవి. చిత్రకూటంలో దొరికినవి బహుశా ఎర్ర శైవలాలే కావచ్చు. అంతమాత్రాన పగడపు శైవలాలు కావు. పగడపు శైవలం తన కణ కవచాల్లో సున్నపు పదార్థాన్ని నింపుకొని రాయిలా గట్టిపడుతుంది. దాదాపు అన్నీ సముద్రవాసులే. క్రొయేషియాలోని సెటినా నదిలో ఒక మంచినీటి జాతి ఉందని 2016లో తెలిసినప్పుడు శాస్త్రవేత్తలు ఆశ్చర్యపోయారు.

మూడవ తప్పు నాకు ఎక్కువ బాధ కలిగించింది. 'దొరికింది' అని తేల్చి చెప్పడంలో అసలు కథంతా మాయమైంది. రఫత్ అజ్మీ 1998లో ఆ వింధ్య శిలల్లో కేంబ్రియన్ కాలపు శిలాజాలు ఉన్నాయని ప్రకటించినప్పుడు పెద్ద దుమారం లేచింది. శిలాజాలనే శంకించినవారున్నారు. స్వీడన్‌కు చెందిన స్టెఫాన్ బెంగ్ట్‌సన్ బృందం ఆ రాళ్లను మళ్లీ పరీక్షించి, 2009లో వాటి వయస్సు సుమారు 165 కోట్ల సంవత్సరాలని చూపింది. అంటే శిలాజాలు నిజం, అజ్మీ చెప్పిన కాలం మాత్రం తప్పు. 2017లో ఒక శిలాజానికి రఫతాజ్మియా అని ఆయన పేరే పెట్టారు. అది ఎర్ర శైవలమేనా అన్న చర్చ నేటికీ ఉంది. పాఠకులకు చెప్పవలసింది ఇదే కదా!

నా తప్పు కూడా ఒప్పుకోవాలి. మొదటి ప్రతిలో నేను 'పగడపు నాచు' అని రాశాను. నాచు అనగానే మీకు వారం రోజుల్లో చెరువంతా కమ్మే పచ్చదనం గుర్తుకొస్తుంది. మెర్ల్ అనే పగడపు శైవలం ఏడాదికి మిల్లీమీటరు అటూ ఇటూ పెరుగుతుంది. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ రైతులు దాన్ని సముద్రం నుంచి తవ్వించి, ఆమ్ల నేలలకు సున్నంగా వేసేవారు. తవ్విన పొర మళ్లీ ఏర్పడాలంటే మనిషి ఆయుష్షు చాలదు. అందుకే 1992 నాటి ఐరోపా ఆవాసాల చట్టం రెండు మెర్ల్ జాతులను తన జాబితాలో చేర్చింది. 'నాచు' అని చదివిన విద్యార్థికి ఆ జాగ్రత్త ఎందుకో ఎలా బోధపడుతుంది?

బస్తర్‌కు తన సొంత సున్నపు కథ లేకపోలేదు. జగదల్‌పూర్ శిలల్లో స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. సూక్ష్మజీవులు, ముఖ్యంగా సయనోబాక్టీరియా, పొర మీద పొరగా కట్టిన రాతి దిబ్బలవి. పాత పుస్తకాలు ఈ జీవులను నీలి ఆకుపచ్చ శైవలాలన్నాయి. కేంద్రకం లేని ఇవి నిజానికి బాక్టీరియా. కాంగేర్ లోయలోని కుటుంసర్ గుహ స్తంభాలు మరో దారి. నీటిలోని బొగ్గుపులుసు వాయువు గాలిలో కలిసిపోగా, మిగిలిన సున్నం చుక్క చుక్కగా పేరుకుంటుంది. దానికి ఏ శైవలమూ అవసరం లేదు. వ్యాసంలో ఆ వాక్యం తీసేసి ఈ రెండు సంగతులు చేర్చమని కోరాను.