రిలీవర్ వచ్చేదాకా

బి షిఫ్టు రాత్రి పదింటికి అయిపోతుంది. పదిన్నరకల్లా వీధి చివర నాన్న సైకిల్ బెల్లు వినపడాలి. పదకొండు దాటితే అమ్మ అన్నం గిన్నె మీద మళ్లీ మూత పెట్టి, “రిలీవర్ వచ్చుండడు” అనేది. తరవాతి షిఫ్టు మనిషి వచ్చి, ఫర్నేస్ సంగతంతా విన్నాకే నాన్న గేటు దాటేవాడు. అడిగితే, “మండుతున్నదాన్ని వొగ్గేసి ఎలాగొచ్చేత్తాను?” అనేవాడు. శ్రీకాకుళం నుంచి జంషెడ్‌పూర్ వచ్చి ఎన్నేళ్లయినా ఆయన మాట మారలేదు.

ఆ రిలీవర్ అన్న మాట బేస్‌బాల్‌లోనూ ఉందని చాలాకాలం తరవాత తెలిసింది. ఆట మొదలుపెట్టిన పిచ్చర్ దిగిపోతే బంతి అందుకునేవాడే రిలీవర్. అతని అవసరం లేకుండా చివరిదాకా తానే విసిరితే అది కంప్లీట్ గేమ్. 1890 నుంచి 1911 దాకా ఆడిన సై యంగ్ అలాంటివి 749 ముగించాడు. ఇటీవలి సీజన్లలో అమెరికా మేజర్ లీగ్ జట్లన్నీ కలిసినా అవి యాభై దాటడం లేదు. వంద బంతులు దగ్గరపడితే మోచేతికీ భుజానికీ భయపడి పిచ్చర్‌ను మార్చేస్తారు. పైగా అదే బ్యాటర్ మూడోసారి ఎదురొచ్చేసరికి పిచ్చర్ బంతుల గుట్టు తెలిసిపోయి ఉంటుంది.

చివరిదాకా నిలవాలంటే బంతులు పొదుపుగా వాడాలి. ప్రతి బ్యాటర్నీ తానే స్ట్రైకౌట్ చేయాలనుకుంటే బంతులు ఎక్కువ ఖర్చవుతాయి. కొట్టనిచ్చి, వెనకున్న ఫీల్డర్లు పడతారని నమ్మాలి. ఒంటరి ఘనతగా కనిపించే కంప్లీట్ గేమ్‌లో నాకు నచ్చింది ఆ నమ్మకమే.

టాటా ఉక్కు కంపెనీ టిస్కోకి ఒకప్పుడు జనరల్ మేనేజర్‌గా ఉన్న అమెరికన్ జాన్ కీనన్ పేరు మీద మా ఊళ్లో స్టేడియం ఉంది. అక్కడ మేం చూస్తూ పెరిగింది మాత్రం క్రికెట్. క్రికెట్‌లో ఆ నమ్మకం చూడాలంటే 1999 ఫిబ్రవరి 7న ఢిల్లీ కోట్లా మైదానానికి వెళ్లాలి. లంచ్‌కి పాకిస్తాన్ వికెట్ పోకుండా 101. ఆ తరవాత పెవిలియన్ ఎండ్‌కి మారిన అనిల్ కుంబ్లే చివరిదాకా బంతి వదల్లేదు. పది వికెట్లూ అతనివే. 26.3 ఓవర్లు, 74 పరుగులు. తొమ్మిది పడ్డాక రెండో ఎండ్‌లో శ్రీనాథ్ తనకు వికెట్ పడకూడదని ఆఫ్ స్టంప్‌కి దూరంగా వేశాడు. షార్ట్ లెగ్‌లో ఆఖరి క్యాచ్ పట్టింది మన హైదరాబాద్ లక్ష్మణ్.

మా ఊరి వరుణ్ ఆరన్‌ది వేరే దారి. 2011లో టెస్టుల్లోకి వచ్చిన ఫాస్ట్ బౌలర్. గంటకు 150 కిలోమీటర్లు దాటే వేగం. ఆ వేగాన్ని మోసిన నడుము ఎముక మళ్లీ మళ్లీ చిట్లింది. అంత వేగంతో నాలుగైదు ఓవర్లు వేశాక బంతి ఇచ్చేయాల్సిందే. జార్ఖండ్ జట్టులో గంటల తరబడి ఒక ఎండ్ కాచే పని ఎడమచేతి స్పిన్నర్ షాబాజ్ నదీమ్‌ది. వరసగా రెండు రంజీ సీజన్లలో యాభైకి పైగా వికెట్లు తీసినవాడు. 2024 ఫిబ్రవరిలో కీనన్ స్టేడియంలోనే రాజస్థాన్ మీద ఆడి ఆరన్ ఎర్రబంతికి సెలవు చెప్పాడు. మరుసటి నెలలో నదీమ్ కూడా తప్పుకున్నాడు. ఒకరు విసిరి ఇచ్చేశారు, ఒకరు అందుకుని నిలబడ్డారు. ఆ ఇద్దరిలో ఎవరి పనీ సగంలో ఆగిందని నేననుకోను.

నాన్న ఆఖరి డ్యూటీ కూడా బి షిఫ్టే. ఆ రోజైనా తొందరగా వస్తాడని వీధిలోవాళ్లు దండలతో వచ్చి కూర్చున్నారు. పది దాటింది, పదకొండు దాటింది. అమ్మ మాత్రం వాకిట్లోకి వెళ్లి చూడలేదు. లోపలికెళ్లి అన్నం మీద మూత పెట్టొచ్చింది.