చేతి ఆటయంత్రముల మన్నిక – ఒక విమర్శ

వస్తువు మంచిచెడ్డలను నిర్ణయించుటకు మన నేతవారికి తరతరములుగా ఒక కొలత కలదు. చద్దరును చేతితో తడవి, అంచు లాగి, వెలుతురునకు ఎత్తి చూచి, ‘ఇది ఎన్నేండ్లు మన్నును?’ అని అడుగుదురు. రంగు, పువ్వు, మెరుపు ఆ తరువాతి మాటలు. తెలంగాణపు పల్లెలనుండి మగ్గమును నమ్ముకొని షోలాపురమునకు వచ్చి, సాఖర్ పేటలోను, భవానీ పేటలోను, అశోక్ చౌక్ చుట్టుపట్లను స్థిరపడిన కుటుంబములకు ఈ ప్రశ్న పుట్టువెంట వచ్చినదే. షోలాపురపు చద్దరునకు దేశమంతట పేరు కలిగినదన్నను, భౌగోళిక గుర్తింపు దక్కినదన్నను, అది ఈ ప్రశ్నకు నిలిచినందువలననే.

కాని మన యిండ్లలోనికి వచ్చు వస్తువులన్నిటిని మనము ఈ కొలతతోనే కొలుచుచున్నామా? పిల్లల చేతులలో నిత్యము నలుగుచుండు చేతి ఆటయంత్రమును, అనగా వీడియో గేమును, ఎవరైన నిట్లు పరీక్షించిరా? దాని వలన చదువు చెడునా, కన్నులు చెడునా అను చర్చ చాల జరిగినది. అది ఎంతకాలము నిలుచును, ఎందుచేత నిలువదు అను విచారణ మాత్రము అరుదు. ఈ వ్యాసమున ఆ విచారణకు పూనుకొనుచున్నాను.

మొదట కొంత పూర్వచరిత్ర. జపాను దేశపు నిన్‌టెండో సంస్థ 1980లో ‘గేమ్ అండ్ వాచ్’ అను చిన్న యంత్రములను విడుదల చేసినది. వాని రూపకర్త గున్‌పే యోకోయి. అప్పుడే పుట్టిన ఖరీదైన సాంకేతికవిద్యకంటె, వాడుకలో నలిగి, గుణదోషములు తేలి, చౌకయైన విద్యను క్రొత్త పనికి వినియోగించుట మేలని ఆయన సిద్ధాంతము. 1989లో వెలువడిన ‘గేమ్ బాయ్’ ఆ సిద్ధాంతమునకు ఫలము. తెరకు రంగులు లేవు. నాలుగు ఛాయలు మాత్రమే. వెనుక వెలుగు లేదు. నాలుగు పెన్సిల్ సెల్లతో నడుచును. ఆట వేరుగా ఒక చిన్న పెట్టెలో, అనగా కార్ట్రిడ్జిలో ఉండును.

మరుసటి యేడు, 1990లో, సేగా సంస్థవారి ‘గేమ్ గేర్’ రంగుల తెరతో, తెరవెనుక దీపముతో వచ్చినది. అంగడిలో రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచువానికి గేమ్ గేరే గొప్పగా తోచుట సహజము. కాని అది ఆరు సెల్లను మ్రింగి, మూడు మొదలు ఐదు గంటలలో ఆగిపోయెడిది. అంతకంటె పెద్ద దోషము ఏండ్లు గడచిన తరువాత బయటపడినది. దాని లోపలి కెపాసిటర్లు ద్రవము కార్చి పలకను తినివేయ నారంభించినవి. నేడు ఒక పాత గేమ్ గేరును ఆడింపవలెనన్న ముందుగా వానిని మార్పింపవలసి వచ్చుచున్నది. మోటుదిగా కనబడిన గేమ్ బాయ్ మాత్రము, ముప్పదియైదేండ్లు దాటినను, క్రొత్త సెల్లు వేసినంతనే మేలుకొనునవి నేటికిని అనేకములు గలవు. మెరుపునకును మన్నికకును గల భేదమునకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము వెదకనక్కరలేదు.

మన పేటలకు ఎక్కువగా వచ్చినవి ఈ పెద్ద పేర్ల యంత్రములు కావు. 1990ల దశకమున బజారులో అగ్గువకు దొరకిన చీనా తయారీ ‘బ్రిక్ గేము’ మన పిల్లల మొదటి ఆటయంత్రము. రష్యనుడైన అలెక్సీ పజిత్నోవ్ 1984లో మాస్కోలో కల్పించిన టెట్రిస్ ఆటకు అది అనుకరణ. అడ్డముగా పది, నిలువుగా ఇరువది గడుల తెర. పైనుండి జారు ఇటుకలు. పెట్టెమీద ‘9999 ఆటలు’ అని ముద్రించెడివారు. లెక్కించి చూచిన, కొలదిపాటి ఆటలకు వేగమును మెట్టును మార్చి కట్టిన సంఖ్య అది. ఆ అబద్ధపు లెక్కను నిందింపవలసినదే. అయినను వస్తుగుణమును బట్టి చూచినచో దానికి ఇయ్యవలసిన మార్కులు తక్కువ కావు. చదువవలసిన వాక్యము లేనందున, ఇంట తెలుగు, బడిలో మరాఠీ, వీధిలో హిందీ మాటలాడు పిల్లవానికి దానితో భాష చిక్కు లేదు. సెల్లు కిరాణా కొట్టులో దొరకును. మూత సాధారణపు మరలతో బిగింపబడి యుండును. బొత్తాము పలుకకున్నచో విప్పి, రబ్బరు పొర అడుగుననున్న నల్లని కర్బనపు చుక్కను పొడిగుడ్డతో తుడిచిన చాలు.

మరమగ్గపు షెడ్డును ఇల్లును ఒక్క గోడను పంచుకొనిన చోట గాలియంతయు నూలు పీచే. బీడీలు చుట్టు ఇండ్లలో పొగాకు పొడి. ఇవి బొత్తాముల సందులలో చేరక మానవు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. మగ్గముల మ్రోతలో ఆ యంత్రపు కూత ఆడువానికే వినబడెడిది కాదు. అట్టి చోట అది అన్న చేతినుండి తమ్మునికి, తమ్మునినుండి మేనత్త కొడుకునకు సంక్రమించినదన్న, విప్పుటకు వీలుండుట వలననే కాని గట్టిదనము వలన గాదు. నిజమునకు దాని ప్లాస్టిక్ మిక్కిలి పలుచనిది.

ఈ యంత్రములు చెడు విధములను పరిశీలించినను ఇదే తేలును. సెల్లు లోపల మరచి సంవత్సరములు పెట్టెలో దాచినచో అవి కారి, తీగచుట్టలను తుప్పు పట్టించును. ఆల్కలైన్ సెల్లదైనచో వెనిగరులో ముంచిన దూదితో తుడిచి శుభ్రపరుపవచ్చును. గేమ్ బాయ్ తెరపై నిలువు గీతలు ఏర్పడుట మరియొక వ్యాధి. తెరకు అంటించిన సన్నని తీగపట్టీ అతుకు వదలుట దానికి కారణము. నేర్పరి యైనవాడు సోల్డరింగు కడ్డీ వేడితో మెల్లగా రాచి దానిని మరల అంటింపగలడు. పడుగుపోగు తెగినచో బట్టలో నిలువు గీత కనబడునని ఎరిగిన మనవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. పోగు తెగినదని బట్టను పారవేయరు, ముడి వేయుదురు. 1996లో జపానులో మొదలైన పోకెమాన్ వంటి ఆటల కార్ట్రిడ్జిలలో, ఆడినంతవరకు గుర్తుంచుకొనుటకు ఒక నాణెపు సెల్లు అతికింపబడి యుండును. ఇంచుమించు పదునైదు, ఇరువదేండ్లకు అది చచ్చును. పిల్లవాడు కూడబెట్టిన దంతయు దానితో పోవును. కాని ఆట పోదు. క్రొత్త సెల్లు అతికించిన, మరల మొదటినుండి ఆడుకొనవచ్చును.

కావున మన్నిక యనగా వస్తువు చెడకుండుట అని చెప్పుట చాలదు. చెడినదానిని మన వీధిలోని చేయి బాగుచేయ గలుగుటయే మన్నిక. ఈ నిర్ణయమునకు విరుద్ధముగా అభిమానులు ఒక కథను చూపుదురు. 1991 నాటి గల్ఫు యుద్ధమున బాంబుదాడికి గురియైన సైనికుల బసలో కాలిన గేమ్ బాయ్ ఒకటి, పై తొడుగు కరగి మాడిపోయినను, టెట్రిస్ ఆడుచు, న్యూయార్కులోని నిన్‌టెండో విక్రయశాలలో ఏండ్ల తరబడి ప్రదర్శింపబడినది. దీనిని మన్నికకు పరమప్రమాణముగా గైకొనుట నాకు సమ్మతము కాదు. ఉద్యోగకాలమున సామానుల చిట్టా వ్రాసినవాడను. ఒక్క తోలుపట్టా పదేండ్లు నడచినదని ఆ సరకంతటికి పదేండ్ల ఆయువు వ్రాయ వీలులేదు. నిలిచినదానిని అద్దాల పెట్టెలో పెట్టుదురు. నిలువనిదానిని పాతసామానువానికి వేయుదురు. చూపరుల కంటబడునది మొదటిదే. పైగా ఆ గేమ్ బాయ్‌కి సైతము మూడు రెక్కల తలగల ప్రత్యేకపు మరలు బిగించి, సామాన్యుని చేతికి లొంగకుండ చేసిన దోషము ఉండనే ఉన్నది.

ఇక నేటి యంత్రములు. 2004లో వచ్చిన నిన్‌టెండో డి.ఎస్., సోనీవారి పి.ఎస్.పి. అనునవి లిథియం బ్యాటరీతో నడచినవి. పి.ఎస్.పి. బ్యాటరీని ఏ పనిముట్టు లేకయే చేతితో తీయవచ్చును. అది ఉబ్బినచో వేరొకటి పెట్టుట క్షణములో పని. 2017లో వచ్చిన నిన్‌టెండో స్విచ్ నందు బ్యాటరీ లోపల జిగురుతో అంటింపబడినది. లిథియం బ్యాటరీ వాడుకకును వేడిమికిని క్రమముగా క్షీణించును. అది దాని స్వభావము, ఎవరిని తప్పుపట్ట వీలులేదు. దానిని జిగురుతో అంటించుట మాత్రము తయారుచేసినవారి నిర్ణయము. అదేవిధముగా స్విచ్ యొక్క జాయ్‌స్టిక్ లోపలి కర్బనపు పూత అరిగి, ఎవరు తాకకున్నను తెరమీది బొమ్మ ఒకవైపునకు కొట్టుకొనిపోవు రోగము ప్రసిద్ధమైనది. అది కలిగించిన ఇబ్బందికి 2020లో ఆ సంస్థ అధ్యక్షుడే క్షమాపణ చెప్పెను.

నా మనుమని యంత్రము ఒకటి ఛార్జి నిలువక ఆగినప్పుడు దానిని ఒక మరమ్మతు దుకాణమునకు తీసికొనిపోతిని. అక్కడి పిల్లవాడు మనవాడే. త్రిప్పిత్రిప్పి చూచి, “తాతా, దీన్ని విప్పితే మళ్ల మూత వడదు. మరమ్మతు పిరం, కొత్తది అగ్గువ” అనెను. అతడు అబద్ధమాడలేదు. అట్టి మాట నిజమగునట్లు వస్తువును చేయుటయే విమర్శింపదగినది.

దీనికి మించిన చిక్కు మరియొకటి కలదు. ఆట యంత్రములోగాని కార్ట్రిడ్జిలోగాని గాక, దూరమందలి సంస్థ గిడ్డంగిలో ఉండుట. నిన్‌టెండో 3డి.ఎస్. యొక్క అంగడి 2023 మార్చి 27న మూతపడినది. 2024 ఏప్రిల్ 8న దాని ఆన్‌లైన్ ఆటలును ఆగిపోయినవి. కార్ట్రిడ్జి కొనినవానికి ఆట మిగిలినది. క్రొత్తగా ఆ అంగడినుండి కొనదలచినవానికి తలుపు మూయబడినది. యంత్రము చక్కగానే యున్నది, ఆయువు మాత్రము వేరొకరి చేతిలో నున్నది! మన జకార్డు మగ్గమును తలచుకొనుడు. 1804లో ఫ్రాన్సు దేశమున జకార్డు కల్పించిన ఆ యంత్రమున పువ్వు అంతయు రంధ్రములు గొట్టిన అట్టలలో ఉండును. రంధ్రమున్న పోగు లేచును, లేనిచో లేవదు. నేటి కంప్యూటరు భాషకు ఈ అట్టలు పూర్వులని పెద్దలు చెప్పుదురు. అట్ట చినిగినచో దానిని చూచి మరియొకటి గొట్టుకొందుము. మగ్గము మనది, అట్టలు పరవూరి షావుకారు తాళములో ఉన్నవన్నచో ఏ నేతగాడు అట్టి మగ్గమును కొనును?

పూర్వపక్షమును గూడ వినవలెను. పాత యంత్రములకు సెల్లు కొనుట వారపు కూలితో బ్రదుకు ఇంటికి చిన్న ఖర్చు గాదు. ఛార్జి చేయు బ్యాటరీ ఆ భారమును తీర్చినది. గేమ్ బాయ్ తెర చీకటిలో కనబడదు. నేటి తెర మిక్కిలి ప్రకాశవంతము. ఇవి నిజమైన లాభములే. కాని ఛార్జి చేయు బ్యాటరీకి జిగురు అవసరము లేదని 2004లోనే పి.ఎస్.పి. ఋజువు చేసినది. కనుక లాభమును అంగీకరించుటకు దోషమును మన్నింప నక్కరలేదు.

ప్రభుత్వములును ఈ సంగతి గ్రహించినవి. చేతి పరికరముల బ్యాటరీని వాడుకరియే తీసి మార్చుకొన వీలుండవలెనని, 2027 ఫిబ్రవరి 18 మొదలు వర్తించునట్లు, ఐరోపా సమాఖ్య 2023లో నిబంధన చేసినది. మన దేశమున వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 డిసెంబరులో ‘మరమ్మతు హక్కు’ వెబ్‌సైటును ప్రారంభించినది. వ్యవసాయ పరికరములు, మొబైలు ఫోనులు ఎలక్ట్రానిక్ వస్తువులు, గృహోపకరణములు, వాహనములు అను నాలుగు వర్గములు అందు చెప్పబడినవి. పిల్లల ఆటయంత్రము వేరుగా పేర్కొనబడలేదు. పిల్లల వస్తువని దానిని చులకన చేయరాదు. తండ్రి తెగిన పోగును ముడివేయుచుండగా చూచి పెరిగిన బిడ్డకు, ‘ఇది విప్పరానిది, చెడిన పారవేయవలసినది’ అను పాఠమును ఆ చిన్న యంత్రమే మొదట నేర్పుచున్నది. మన వృత్తిధర్మమునకు ఇది నేరుగా ఎదురు పాఠము.

కావున తల్లిదండ్రులకు నా మనవి. పాత ఆటయంత్రము ఇంట నున్నచో సెల్లు తీసి దాచుడు. లిథియం బ్యాటరీదైనచో సగము ఛార్జితో, చల్లని తావున ఉంచి, కొన్ని నెలల కొకసారి చూచుచుండుడు. క్రొత్తది కొనునప్పుడు మూడు ప్రశ్న లడుగుడు. బ్యాటరీ మార్చ వీలున్నదా? బొత్తాములు, జాయ్‌స్టిక్ విడిగా దొరకునా? సంస్థ తన అంగడి మూసిన మరునాడు కూడ ఆట నడుచునా? ఈ మూటికి జవాబు రానిచో, ధర ఎంత తక్కువయైనను ఆ వస్తువు ప్రియమైనదే.