నడిసంద్రంలో పానా

కొండాపూర్ అనగానే చాలామందికి హైటెక్ సిటీ పక్కనున్న కొండాపూరే గుర్తొస్తుంది. ఆటో ఎక్కితే వాడూ అటే తిప్పుతాడు. నేను చెప్పేది సంగారెడ్డి దాటాక వచ్చే కొండాపూర్. ఊరి శివారున ఓ మట్టిదిబ్బ, దాని దగ్గరే పురావస్తు శాఖ మ్యూజియం. 1940ల మొదట్లో గులాం యాజ్దానీ హయాంలో నిజాం పురావస్తు శాఖ ఆ దిబ్బను తవ్విస్తే శాతవాహనుల నాణేలు కుప్పలుగా బయటపడ్డాయి. వాటితోపాటే రోమ్ చక్రవర్తి అగస్టస్ పేరిట ఉన్న బంగారు నాణెం కూడా. ఇక్కణ్ణుంచి ఏ దిక్కుకు పోయినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా ఓడెక్కకుండా ఆ నాణెం ఇంత దూరం వచ్చి ఉంటుందని నేననుకోను.

ఆ కాలపు ఓడలవాళ్లు జూలైలో ఈజిప్టు రేవులు విడిచి, నైరుతి గాలిని తెరచాపలో పట్టుకుని మన పడమటి తీరం చేరేవారు. ఈశాన్య గాలి మొదలయ్యాక వెనక్కి మళ్లేవారు. గాలి సంగతి, మిరియాల సంగతి, బంగారం సంగతి పుస్తకాల్లో ఉన్నాయి. దారిలో చాప చిరిగితే ఎవరు కుట్టారో, అడుగున నీరు కారితే ఎవరు పూడ్చారో మాత్రం కనపడదు. నా కళ్లేమో దాన్నే వెతుకుతాయి. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో, మెయింటెనెన్స్ డిపార్ట్‌మెంట్‌లో జీవితం అరగదీసుకున్నవాడికి చరిత్ర కూడా జాబ్‌కార్డులాగే కనిపిస్తుంది మరి.

తారిణి యాత్ర గురించి చదివినప్పుడూ ఇదే ధ్యాస. 2017 సెప్టెంబర్ 10న ఆరుగురు నౌకాదళ అధికారిణులు ఐఎన్ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవలో గోవా నుంచి భూమి చుట్టిరావడానికి బయల్దేరారు. సారథి వర్తికా జోషి. మిగతా ఐదుగురిలో విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. పడవ మొత్తం పొడవు 55 అడుగులు. వంట, పడక, ఇంజిన్, స్టోర్ అన్నీ అందులోనే. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ మీదుగా 2018 మే 21న తిరిగి గోవా చేరేసరికి 254 రోజులు పట్టింది. 21,600 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 40 వేల కిలోమీటర్లు నడిచిందా పడవ. పసిఫిక్‌లో గంటకు 110 కిలోమీటర్లు దాటిన గాలి, ఏడు మీటర్ల అలలు. పేపర్లు ఆ తుఫానునే పెద్దక్షరాల్లో వేశాయి. వేయాల్సిందే, కాదనను. నాకు ఎక్కువ భయం వేసింది ఇంకో అంకె చూసి. న్యూజిలాండ్‌లోని లిటిల్టన్ వదిలాక, కేప్ హార్న్ చుట్టి పోర్ట్ స్టాన్లీ చేరేదాకా 41 రోజులు. అన్ని రోజులు రాణిగంజ్ లేదు!

ఫ్యాక్టరీ మనిషికి రాణిగంజ్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పొద్దున పంపు సీల్ పోయిందా, బేరింగ్ అరుస్తోందా, సికింద్రాబాద్‌లోని ఆ స్పేర్ల బజారుకు మనిషిని పంపితే సాయంత్రానికి సామాను చేతికొస్తుంది. రాకపోతే మేనేజర్ అరుస్తాడు, రెండో పంపు మీద నడిపిస్తాం, అంతే. నడిసముద్రంలో ఆ పంపు ఆగితే అరవడానికి కూడా ఎవరూ ఉండరు.

ఉదాహరణకు పడవ ఇంజిన్‌నే తీసుకుందాం. తెరచాప పడవకు ఇంజిన్ ఎందుకని అడగొద్దు. రేవులోకి రావడానికి, గాలి పడిపోయినప్పుడు కదలడానికి, బ్యాటరీలు చార్జ్ చేయడానికి అది కావాలి. దాన్ని చల్లబరిచే సముద్రపు నీటిని లాగే పంపులో చిన్న రబ్బరు చక్రం ఉంటుంది. ఇంపెల్లర్ అంటారు. అరచేతిలో ఇమిడిపోతుంది. నీరు అందకుండా నాలుగైదు నిమిషాలు తిరిగిందంటే దాని రెక్కలు తెగుతాయి. కొత్త చక్రం వేయడం పెద్ద పని కాదు. తెగిన రెక్క ముక్కలు ఎటు పోయాయన్నదే అసలు పని. పాత చక్రాన్ని పక్కనపెట్టి, ఎన్ని రెక్కలు లేవో లెక్కపెట్టి, పైపులు విప్పి, కూలర్ మూతి దగ్గర ఇరుక్కున్న ముక్కలన్నీ ఏరాలి. ఒక్కటి దొరక్కపోయినా నీటిదారి మూసుకుపోయి మళ్లీ ఇంజిన్ వేడెక్కుతుంది. ఇదంతా ఓ పక్కకు ఒరిగి ఊగుతున్న పడవలో, డీజిల్ వాసనకు కడుపులో తిప్పుతుండగా, టార్చ్ పళ్లతో పట్టుకుని చేయాలి. ఈ పని బాగా చేసినవాళ్లకు ఎవరూ దండ వేయరు.

తారిణి ఒళ్లు కూడా మాకు కొత్తదేం కాదు. లోపల చెక్క, దానికి రెండు వైపులా ఫైబర్‌గ్లాస్. మా బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం వైపు యాసిడ్ ఇనుమును తినేస్తుందని ట్యాంకులు, స్క్రబ్బర్లు దీంతోనే చేస్తారు. గాజునూలు మ్యాట్ పరిచి, రెజిన్‌లో హార్డెనర్ కలిపి పూసి, గట్టిపడేలోపు రోలర్‌తో గాలిబుడగలన్నీ తోలేయాలి. తొందరపడే కుర్రాడు ఒక్క బుడగ వదిలినా ఆరునెలలకో ఏడాదికో అక్కడ పొక్కు లేస్తుంది, లేదా చెమ్మ ఊరుతుంది. పడవల్లోనూ అంతే, నీరు పొరల్లోకి దిగి పొక్కులు పొక్కులుగా తేలుతుంది. అందుకే ఎప్పటికప్పుడు పడవను గట్టెక్కించి, అడుగున పట్టిన గవ్వపురుగులను గీకి, రాగి కలిసిన రంగు వేస్తారు. ప్రొపెల్లర్ దగ్గర జింకు ముక్కలు బిగిస్తారు. ఉప్పునీరు ముందు జింకును తింటుంది, మిగతా లోహం బతుకుతుంది. భూమిలో వేసిన పైపులైన్లకు మేం చేసేదీ ఇదే, ఇక్కడ ఉప్పునీటి బదులు నల్లరేగడి.

ఉప్పు కన్నా చెడ్డది రాపిడి. తాడు ఎక్కడో ఒకచోట తెరచాప కొయ్యకో కప్పీకో వేలెడంత మేర రాసుకుంటూ ఉంటుంది. రోజుకు ఎన్ని వేలసార్లో! కొయ్యను నిలబెట్టే స్టీలు తీగల్లో ఒక్క పోగు తెగినా, అది తెగినచోట వెంట్రుకలా పైకి లేస్తుంది. పొద్దున్నే ఒక తిరుగుడు తిరిగి చేత్తో తడిమి చూసేవాళ్లు దాన్ని ముందే పట్టుకుంటారు. లేకపోతే మొత్తం కొయ్యే పోతుంది.

పైగా ఇదంతా నిద్ర చాలని మనుషులు చేసేది. రాత్రయిందని పడవ ఆగదు. లంగరు వేద్దామంటే కింద మూడు నాలుగు కిలోమీటర్ల లోతు. కాబట్టి వంతులవారీగా చుక్కాని దగ్గర ఎవరో ఒకరు మేలుకునే ఉండాలి. సి షిఫ్ట్ చేసినవాళ్లకు తెల్లవారుజామున మూడు గంటలంటే ఏమిటో తెలుసు. మాకు ఉదయం బస్సు ఉంటుంది, ఇంట్లో మంచం ఉంటుంది. వాళ్ల మంచం కూడా ఊగుతూనే ఉంటుంది.

పాతకాలంలో ఈ పని విలువ మన తీరానికి బాగా తెలుసు. కాకినాడ దగ్గర కోరంగి, తెరచాప ఓడలు కట్టడానికే కాదు, దెబ్బతిన్న ఓడల్ని బాగుచేయడానికీ పేరున్న రేవు. 1839 నవంబర్ తుఫాను దాన్ని ఊడ్చేసింది. వడ్రంగులు మిగిలారు, తాళ్లరేవు వైపు చెక్కపడవల పని చాలాకాలం సాగింది. మరి బొంబాయిలో టేకుతో కట్టిన సుహైలీ? రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా ప్రపంచాన్ని మొదట చుట్టివచ్చింది ఆ పడవలోనే. 1969లో, 312 రోజుల్లో. బయల్దేరిన కొద్ది వారాలకే అట్లాంటిక్‌లో దాని అడుగున అతుకు విడిచి నీరు కారింది. ఆయన సముద్రంలో దిగి, మునుగుతూ తేలుతూ, ఆ సందు మీద దూదీ గుడ్డా పరిచి మేకులు కొట్టి, పైన రాగిరేకు బిగించాడు. ఆ రేకు ఎక్కడిదంటే, పడవలో రేడియో అమర్చినవాళ్లు వదిలేసి పోయిన ముక్క. స్క్రాప్‌యార్డులో ప్రతి ముక్కా పనికొస్తుందని దాచుకునే ముసలి ఫిట్టర్లను చూసి నవ్వే మా కుర్ర ఇంజినీర్లకు ఈ కథ నేను చాలాసార్లు చెప్పాను. వాళ్లు వినీ విననట్టు తలాడించారు.

తారిణికీ ఒక బ్రేక్‌డౌన్ తప్పలేదు. తిరుగుదారిలో, 2018 ఏప్రిల్‌లో, స్టీరింగ్‌లో లోపం వచ్చి మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో ఆగాల్సి వచ్చింది. ప్రణాళికలో లేని మజిలీ అది. ఇల్లు దగ్గరపడుతోందని నెట్టుకొచ్చేయకుండా రేవు పట్టి బాగుచేయించుకోవడమే నా దృష్టిలో ఆ యాత్రలోకెల్లా గట్టి నిర్ణయం. మా దగ్గర టార్గెట్ దగ్గరపడ్డాక మిషన్ ఆపమని చెప్పగలిగిన మెయింటెనెన్స్ ఇంజినీర్ ఎందరున్నారో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఫ్యాక్టరీలో ఉత్పత్తి ఒకరిది, మరమ్మతు ఒకరిది, అందుకే ఇద్దరికీ రోజూ తగవు. పడవలో ఆ రెండూ ఒక మనిషివే, తగవు పడాలంటే తనతో తనే పడాలి.

అదే తారిణి మళ్లీ 2024 అక్టోబర్ 2న బయల్దేరింది. ఈసారి దిల్నా, రూప అని ఇద్దరే. 2025 మే 29న గోవా తిరిగొచ్చారు. ఆరుగురి పని ఇద్దరు ఎలా చేశారన్నది ఒక ముచ్చట. రెండోసారి అంత దూరం పంపే ముందు ఆ పడవలో ఏమేం విప్పి చూశారు, ఏవి మార్చారు, ఏవి పాతవే ఉంచారన్నది నాకింకా పెద్ద ముచ్చట.

ఐశ్వర్య ఎప్పుడైనా పటాన్‌చెరు వైపు వచ్చి మా షాప్‌ఫ్లోర్‌లో మాట్లాడితే బాగుండును. తుఫాను గురించి స్కూలు పిల్లలు అడుగుతారు. మావాళ్లు వెనక బెంచీలో ముందు గుసగుసలాడి, ఆపైన ఒకడు లేచి అడుగుతాడు: "మేడమ్, స్పేర్లు ఎన్ని పట్టుకపోయిన్రు? స్టోరు తాళం ఎవరి చేతుల ఉండె?"